తూటా తియ్యలేదు, కుట్లు వెయ్యలేదు... మరి వైద్యం ఏం చేసినట్టు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 29 ఏళ్ళు, సెక్యూరిటీ ఉద్యోగం. 24 రోజుల క్రితం తోటి ఉద్యోగి పిస్టల్ తుడుస్తుంటే అది పేలి, వీడి కుడి చేతికి, భుజానికీ మోచేతికీ మధ్య తూటా తగిలింది. ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చి, గాయం కడిగి, కట్టు కట్టి నాలుగో రోజున ఇంటికి పంపేశారు. తూటా తియ్యలేదు, లోపలే ఉంది. చిన్న ముక్క ఒకటి మోచేతి దగ్గర కూడా ఉందట. గాయానికి కుట్లు వెయ్యలేదు. ఎముకకు ప్లేటు వెయ్యలేదు. పైగా మణికట్టు వాలిపోయింది, చెయ్యి పైకి లేవడం లేదు. అడిగితే "నరం దెబ్బతింది, మూడు నెలలు చూద్దాం" అన్నారే గాని ఆపరేషన్ చెయ్యలేదు. ఇంకో డాక్టరేమో ఇప్పుడే తెరిచి నరం కుట్టెయ్యాలి అంటున్నారు. సీసం ఒంటికి ఎక్కుతుంది, ముందు తూటా తీయించండి అని చుట్టాలు పోరు పెడుతున్నారు. మాకు నిర్లక్ష్యం జరిగిందా? వేళ్ళు వాచిపోయి బిగుసుకుపోతున్నాయి. నొప్పి పుడుతుందని మేమే ఆ చెయ్యి కదపనివ్వడం లేదు. - ఒక అక్క

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఉన్న 'లేదు'లు లెక్కపెట్టాను. తూటా తియ్యలేదు, కుట్లు వెయ్యలేదు, ప్లేటు వెయ్యలేదు, ఆపరేషన్ చెయ్యలేదు. మొత్తం నాలుగు. ఎక్స్‌రేలు చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఆ నాలుగూ ఆలోచించి తీసుకున్న నిర్ణయాల్లాగే ఉన్నాయి. మొదటిదాంట్లో మాత్రం ఒక మెలిక ఉంది, చెబుతాను. నాకు నిజంగా గుబులు పుట్టించింది మీ ఆఖరి వాక్యం. చెయ్యి కదపనివ్వడం లేదన్నారే, అది. దాని గురించి వివరంగా చివర్లో రాస్తాను గానీ, వేళ్ళు కదిలించడం ఈ పూట నుంచే మొదలుపెట్టించండి. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా కూడా ఆగొద్దు.

తుపాకీ గాయం అనగానే ఆపరేషన్ థియేటర్, పళ్ళెంలో టంగుమని పడే తూటా, దాంతో ప్రాణాపాయం తప్పినట్టు అందరి ముఖాల్లో వెలుగు, ఇవన్నీ మన కళ్ళముందు ఆడతాయి. సినిమాల పుణ్యమే. నిజానికి తూటా చెయ్యాల్సిన నష్టమంతా అది ఒంట్లోకి దిగిన క్షణంలోనే చేసేస్తుంది. ఆ తర్వాత అది కదలకుండా పడి ఉండే లోహపు ముక్క, అంతే. దాన్ని తీసినంత మాత్రాన విరిగిన ఎముక అతకదు, దెబ్బతిన్న నాడి (మీరు నరం అన్నది) కోలుకోదు.

నష్టం ఎంత అన్నది తూటా సైజు కన్నా వేగం మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒక లెక్క చెబుతాను. మామూలు 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా బరువు దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. ఏకే-47 రైఫిల్ తూటా బరువు కూడా దాదాపు అంతే, వేగం మాత్రం సెకనుకు 700 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. పిస్టల్ తూటా దగ్గర 500 జౌల్స్ ఉంటే రైఫిల్ తూటా దగ్గర 2000 ఉంటాయి. రెండూ తగిలిన చోట పైకి ఒకేలాంటి చిన్న రంధ్రం కనపడొచ్చు. లోపల సంగతి వేరు. వేగంగా వచ్చే తూటా వెళ్తూ వెళ్తూ చుట్టూ ఉన్న కండను ఒక్క క్షణం బుడగలా ఉబ్బించి వదులుతుంది. తూటా తాకను కూడా తాకని కండ ఆ కుదుపుకే చచ్చిపోవచ్చు, ఎముక పెంకులు పెంకులుగా పగలొచ్చు. అందుకే ఇలాంటి కేసు వస్తే "ఏ తుపాకీ, ఎంత దూరం నుంచి" అని మొదటే అడుగుతాం. మీ తమ్ముడికి తగిలింది పిస్టల్. అంత చెడులో అది కొంత మేలు.

ఇక కుట్ల సంగతి. తూటా నిప్పులా కాలుతూ వస్తుంది కాబట్టి క్రిములు ఉండవని చాలామంది నమ్మకం. ఒకప్పుడు డాక్టర్లూ నమ్మారు. 19వ శతాబ్దం చివర్లో లూయీ లా గార్డ్ అనే అమెరికా సైనిక వైద్యుడు తూటాలకు కావాలని క్రిములు పూసి జంతువుల మీద కాల్చి చూశాడు. వాటికి ఆ జబ్బు అంటుకుంది. తూటా వేడికి క్రిములు చావవని తేలిపోయింది. పైగా తూటా ఒంటరిగా రాదు, చొక్కా పోగుల్నీ మట్టినీ మడ్డినీ లోపలికి లాక్కొస్తుంది. అలాంటి గాయానికి పైన కుట్లు వేసి మూసేస్తే లోపల చీముకు మనమే తలుపు వేసి కాపలా కాసినట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో సర్జన్లు ఈ పాఠం చాలా ప్రాణాలు పోయాక నేర్చుకున్నారు. చచ్చిన కండ కోసి తీసెయ్యడం, గాయం తెరిచే ఉంచడం, నాలుగైదు రోజులయ్యాక శుభ్రంగా ఉంటేనే మూయడం అనేది అప్పుడు కుదిరిన పద్ధతే. పిస్టల్ తూటా చేసిన చిన్న రంధ్రమైతే అంత కోత కూడా అక్కర్లేదు. బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్, కొద్ది రోజులు యాంటీబయాటిక్ ఇచ్చి, పైన పొడి కట్టు కడితే రంధ్రం లోపలి నుంచి తనంతట తానే పూడుకుంటూ వస్తుంది. మీవాడికి జరిగింది ఇదే.

ఎముక విషయంలోనూ అంతే. భుజానికీ మోచేతికీ మధ్య ఉండే ఆ ఎముకను ప్లాస్టిక్ కవచంలాంటి బ్రేస్‌తో చుట్టి బిగిస్తే చుట్టూ ఉన్న కండరాలే దాన్ని అదిమిపట్టి ఉంచుతాయి. చాలావరకు మూడు నాలుగు నెలల్లో అతుక్కుంటుంది. ఎక్స్‌రేలో కొంచెం వంకర కనపడితే బెంగపెట్టుకోకండి. భుజం కీలు అన్ని వైపులా తిరుగుతుంది కాబట్టి ఆ కాస్త తేడా పనిలో తెలియదు. ముంజేతిలో ఉండే రెండు ఎముకల విషయంలో ఈ ఉదారత పనికిరాదు. అవి కొద్దిగా వంకరపోయినా అరచెయ్యి తిప్పడం కష్టమవుతుంది కాబట్టి అక్కడ తరచూ ప్లేట్లు వేస్తాం. మీవాడికి బ్రేస్ వదులైతే మళ్ళీ బిగించుకోవాలి. సిగరెట్ అలవాటు ఉంటే మానిపించండి. పొగ రక్తనాళాల్ని కుంచింపజేస్తుంది, ఎముక అతకడం ఆలస్యం చేస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

మరి ఆపరేషన్ ఎప్పుడు తప్పదు అంటారా? అన్నిటికన్నా ముందు, రక్తనాళం తెగినప్పుడు. గాయం నుంచి రక్తం చిమ్ముతున్నా, వాపు కళ్ళముందే పెరిగిపోతున్నా, మణికట్టు దగ్గర నాడి కొట్టుకోవడం చేతికి అందకపోయినా, చెయ్యి పాలిపోయి చల్లబడినా ఇక పరీక్షలంటూ తిప్పకుండా నేరుగా థియేటర్‌కే. కండరం రక్తం లేకుండా ఆరు గంటలకు మించి తట్టుకోలేదు. ఒక్కోసారి ముందు చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి తాత్కాలికంగా రక్తం పారించి, ఈలోగా ఎముకను బయటి నుంచి కడ్డీలతో నిలబెట్టి, ఆ తర్వాత కాలి నుంచి తీసిన సిర ముక్కతో ధమనిని అతుకుతారు. రెండో ప్రపంచ యుద్ధం దాకా తెగిన ధమనిని ముడివేసి వదిలేయడమే రివాజు. అలా ముడివేసినవాళ్ళలో దాదాపు సగం మంది, 49 శాతం, కాలో చెయ్యో పోగొట్టుకున్నారు. కొరియా యుద్ధంలో ధమనిని అతకడం మొదలుపెట్టాక అది 13 శాతానికి పడిపోయింది. ముఖ్యంగా మారింది పద్ధతే.

రెండో అత్యవసరం ముంజెయ్యి రాయిలా బిగుసుకుపోవడం. కండరాలు గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. లోపల వాపు పెరిగితే సంచి సాగదు, కండరానికి రక్తం అందదు. వేళ్ళను మెల్లగా చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి రావడం, గాయం చూస్తే ఇంత నొప్పి ఎందుకో అర్థం కాకపోవడం దీని గుర్తులు. అప్పుడు ఆ పొరల్ని నిలువునా చీరి గాయాన్ని తెరిచే ఉంచుతారు. చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ చెయ్యి దక్కేది దానివల్లే. ఆలస్యమైతే కండరం చచ్చి, వేళ్ళు ముడుచుకుని జీవితాంతం అలాగే ఉండిపోతాయి. మీవాడికి ఆ గండం మొదటి రోజుల్లోనే గడిచిపోయింది.

రైఫిల్ గాయాలకు, దగ్గర నుంచి పేలిన షాట్‌గన్ గాయాలకు కూడా కోత తప్పదు. షాట్‌గన్ దూరం నుంచైతే చెల్లాచెదురు గుళ్ళు. దగ్గర నుంచైతే ఆ గుళ్ళన్నీ ఒక ముద్దగా దూసుకొస్తాయి. వాటి వెనక ఉండే ప్లాస్టిక్ బిళ్ళ కూడా లోపలికి పోతుంది. అది ఎక్స్‌రేలో సరిగా కనపడదు, వెతికి తియ్యకపోతే చీము ఆగదు. చచ్చిన కండను గుర్తుపట్టడానికి మేం చూసేవి నాలుగు: రంగు ఎలా ఉంది, ముడితే గట్టిగా ఉందా మెత్తబడిందా, గిల్లితే ముడుచుకుంటోందా, కోస్తే రక్తం వస్తోందా. అనుమానం ఉన్నది వదిలి, 48 గంటల తర్వాత మళ్ళీ తెరిచి చూస్తాం. అందుకే రైఫిల్ గాయానికి "మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేస్తున్నారు, మొదటిది ఫెయిలయిందేమో" అని అనుమానపడేవాళ్ళకు చెప్పేదేమంటే, ఈ గాయాల్లో అలా విడతలుగా చెయ్యడమే పద్ధతి.

మణికట్టు కింద, పంజాకే తగిలితే లెక్కలన్నీ మారిపోతాయి. అక్కడ 27 ఎముకలు, వేళ్ళను ఆడించే తాళ్ళలాంటి టెండన్లు, సన్నని నాడులు అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. వృథాగా కోసి పారెయ్యడానికి అక్కడ చర్మం లేదు. అరచేతి చర్మంలాంటిది ఒంట్లో ఇంకెక్కడా, అరికాలులో తప్ప, దొరకదు కాబట్టి అంగుళం అంగుళం లెక్కపెట్టి మిగుల్చుకుంటాం. ఎముక మధ్యలో ముక్క ఎగిరిపోతే వేలు వెనక్కి కుంగిపోకుండా తీగలతో ఆ ఖాళీని అలాగే పట్టి ఉంచి, గాయం శుభ్రపడ్డాక తుంటి ఎముక నుంచి ముక్క తెచ్చి పెడతాం. చర్మం చాలకపోతే గజ్జల దగ్గరి చర్మాన్ని పూర్తిగా తెంచకుండా చేతికి అతికించి, మూడు వారాల తర్వాత వేరు చేసే పాత పద్ధతి ఒకటుంది. ఆ మూడు వారాలూ చెయ్యి పొత్తికడుపు కిందే ఉంటుంది. రోగికి విసుగు, ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది, కానీ పని చేస్తుంది. ఇప్పుడు సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు అతికి తొడ నుంచి కూడా చర్మం తెస్తున్నారు. బాగుచెయ్యలేనంతగా నలిగిన వేలు ఉంటే దాని ఎముక తీసేసి, ఆ వేలి చర్మంతోనే పక్క గాయం కప్పడం కూడా మామూలే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి, కొందరికి నచ్చకపోవచ్చు. ప్రతి వేలినీ కాపాడాలన్న పట్టుదల మంచిది కాదు. స్పర్శ లేక, వంగక, ప్రతిదానికీ అడ్డం తగిలే వేలు పక్క వేళ్ళను కూడా పాడుచేస్తుంది. అలాంటి వేలు తీసేస్తేనే మిగతా చెయ్యి బాగా పనిచేసిన రోగులను చూశాను. బొటనవేలి విషయంలో మాత్రం ఎంత దూరమైనా వెళ్తాం. అది పూర్తిగా పోతే చూపుడువేలిని తెచ్చి దాని స్థానంలో నిలబెట్టే ఆపరేషన్ కూడా ఉంది.

మీ చుట్టాల మాటకొద్దాం, సీసం. కండలో దిగబడిన తూటా చుట్టూ శరీరం నెలల్లో గట్టి పొర అల్లేస్తుంది. ఆ పొర లోపల ఉన్న సీసం మామూలుగా రక్తంలోకి ప్రమాదకరమైనంత రాదు. దాన్ని వెతకడానికి కండను చీల్చుకుంటూ పోతే, తూటా చెయ్యని హాని కత్తి చెయ్యొచ్చు. మీవాడికి దెబ్బతిన్న నాడి ఆ ఎముకకే ఆనుకుని తిరుగుతుంది కాబట్టి ఆ భయం మరీ ఎక్కువ. ఒళ్ళంతా తిరుగుతూ గుండెకు చేరుతుందనే భయం కూడా మీకు ఎవరో పెట్టే ఉంటారు. తూటా పెద్ద రక్తనాళంలో పడితే తప్ప అలా జరగదు, అది చాలా అరుదు. కొన్నేళ్ళకు చర్మం కిందికి తేలి చేతికి తగులుతూ ఉంటే, మత్తు సూదితో పది నిమిషాల పనిగా తీసేస్తారు. నాడిని నొక్కుతున్నా, రక్తనాళానికి ఆనుకున్నా, పట్టు పట్టినప్పుడల్లా అరచేతిలో గుచ్చుకుంటున్నా అప్పుడూ తియ్యాల్సిందే.

ముందే చెప్పిన మెలిక ఇక్కడుంది. మోచేతి 'దగ్గర' ముక్క అన్నారు. దగ్గర అంటే కీలు బయట కండలోనా, కీలు లోపలా? ఈ ఒక్క ప్రశ్నకు స్పష్టమైన సమాధానం రాబట్టండి. కీళ్ళలో ఉండే జిగురు ద్రవం సీసాన్ని మెల్లగా కరిగిస్తుంది. అలా కరిగింది ఒకవైపు కీలు మృదులాస్థిని తినేస్తుంది, ఇంకోవైపు రక్తంలో కలుస్తుంది. కాబట్టి ముక్క కీలు లోపల ఉంటే ఎంత చిన్నదైనా తీయించాలి. ఎక్స్‌రేలో తేలకపోతే సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష ఇప్పుడొకటి చేయించి, కొన్ని నెలల తర్వాత ఇంకోసారి చేయించి పోల్చుకుంటే మంచిది. ఎప్పుడైనా అర్థంకాని కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, అలసట, అకారణంగా చిరాకు మొదలైతే డాక్టరుకు "నా చేతిలో తూటా ఉంది" అని మొదటి మాటగా చెప్పాలి. ఎమ్మారై తీసే చోట కూడా అంతే. సీసం, రాగిని అయస్కాంతం లాగదు గానీ కొన్ని తూటాల్లో ఉక్కు ఉంటుంది.

ఇప్పుడు నరం. మన వాడుకలో ఈ మాటతో పెద్ద చిక్కు. రక్తం పారేదీ నరమే, స్పర్శ తెచ్చేదీ నరమే, వేలిని లాగే టెండన్ కూడా చాలామందికి నరమే. "నరం తెగింది" అని ఏడుస్తూ వచ్చినవాళ్ళను ముందు ఏ నరమో తేల్చుకోమంటాను. మీవాడికి దెబ్బతిన్నది రేడియల్ నాడి. మణికట్టునూ వేళ్ళనూ పైకెత్తే కండరాలకు మెదడు నుంచి కబురు తెచ్చే తీగ. చేతి మూడు ప్రధాన నాడుల్లో ఇది ఒకటి. దెబ్బతినక తప్పని పరిస్థితే వస్తే ఇదే దెబ్బతినాలని సర్జన్లు కోరుకుంటారు. ఎందుకంటే అరచేతి స్పర్శ మిగతా రెండిటిదీ, అది పోదు. పైగా ఇది కోలుకోవడంలో మిగతావాటికన్నా నయం.

ఆ నాడి తెగిందా, కుదుపుకు మొద్దుబారిందా? తూటా గాయాల్లో ఎక్కువభాగం రెండోదే. తూటా పక్కనుంచి పోతూ నాడిని కొరడాతో కొట్టినట్టు కుదిపేసి పోతుంది. వియత్నాం యుద్ధంలో గాయపడ్డవాళ్ళను గమనించిన అమెరికా సర్జన్ జార్జ్ ఓమర్, తుపాకీ దెబ్బకు చచ్చుబడ్డ నాడుల్లో పదింట దాదాపు ఏడు ఆపరేషన్ లేకుండానే కోలుకున్నాయని రాశాడు. మొదటి వారంలోనే తెరిచి ఉంటే బాగుపడాల్సిన నాడిని కెలికినట్టయ్యే అవకాశమే ఎక్కువ. నిజంగా తెగినా అప్పటికప్పుడు కుట్టడం వల్ల లాభం తక్కువ. తాడు తెగినట్టు కాదు, చివరలు అంగుళం దాకా కమిలి ఉంటాయి. ఎంతవరకు బతికుందో ఎంతవరకు చచ్చిందో రెండు మూడు వారాలు పోతేగానీ కంటికి తెలియదు. కమిలిన చోట కుట్టిన కుట్టు పట్టదు. రక్తనాళం కోసమో ఎముక కోసమో ఎలాగూ తెరిచినప్పుడు తెగిన నాడి కనిపిస్తే, చివరలు లోపలికి పోకుండా దారంతో గుర్తు పెట్టి తర్వాత వస్తాం.

మూడు నెలలు అన్న గడువు ఊరికే అన్నది కాదు, లెక్క ఉంది. నాడి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, నెలకు అంగుళం చొప్పున ఎదుగుతుంది. మీవాడి దెబ్బ దండచేతి మధ్యలో అనుకుంటే అక్కడి నుంచి ఆ నాడి కింద పట్టుకోవాల్సిన మొదటి కండరం దాదాపు పది సెంటీమీటర్ల దూరం. అంటే వంద రోజులు, కాస్త అటూ ఇటూ. బొటనవేలిని ఎత్తే కండరం ఆఖరువాటిలో ఒకటి, దానికి ఎనిమిది తొమ్మిది నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి రెండో నెలలో "ఇంకా ఏమీ కదలడం లేదు" అని డీలా పడొద్దు. నాడి ఇంకా దారిలో ఉంది.

అలాగని ఊరికే కూర్చుని చూడటం కాదు. ఇప్పుడు నాలుగో వారం కదా, నాడి పనితీరు చూసే విద్యుత్ పరీక్షకు ఇదే అదను. మొదటి వారంలో చేస్తే తెగిన నాడి కింది భాగం కూడా ఇంకా కరెంటు మోస్తూ మనల్ని మోసం చేస్తుంది. ఇప్పుడు చేయించి దాచండి, మూడో నెలలో మళ్ళీ చేయించి పోల్చాలి. డాక్టర్ వేలితో నాడి దారి వెంట తడుతూ వస్తే ఒకచోట బొటనవేలి వెనక జివ్వుమంటుంది. ఆ జివ్వుమనే చోటు నెల నెలా కిందికి జరుగుతుంటే ఎదుగుతున్నట్టు. అక్కడే పాతుకుపోతే అడ్డం ఏదో ఉన్నట్టు. అల్ట్రాసౌండ్‌లో నాడి రెండు ముక్కలుగా స్పష్టంగా కనిపిస్తే మాత్రం మూడు నెలలు ఆగక్కర్లేదు. ఆ రెండో డాక్టర్ ఏదైనా స్కాన్ చూసి తెరవమన్నారా, చూడకుండానే అన్నారా అడగండి. చూసి అని ఉంటే ఆయన మాటకు విలువ ఇవ్వండి.

మూడు నాలుగు నెలలకూ కండరంలో గానీ పరీక్షలో గానీ చలనం లేకపోతే తెరవాలి. కమిలిన భాగం కోసేసి, ఖాళీలో కాలి పిక్క వెనక నుంచి తీసిన నాడిని వంతెనలా వేస్తారు. దానివల్ల పాదం పక్కన కొంచెం తిమ్మిరి మిగులుతుంది. మరీ ఏడాది దాటనిస్తే నాడి వెళ్ళి చేరేసరికి కండరం అందుకునే స్థితిలో ఉండదు. అందుకే ఎదురుచూపుకు తేదీ ఉండాలి. వచ్చే చెకప్‌లో "ఏ తారీఖు దాకా చూస్తారు?" అని అడిగి కేలండర్‌లో రాసుకోండి. అదీ ఫలించకపోతే, మణికట్టును కిందికి వంచే, అరచేతిని తిప్పే కండరాలు చాలా ఉన్నాయి, అందులో రెండు మూడింటి టెండన్లను వెనక్కి మళ్ళించి పైకెత్తే పనికి పెడతారు. నమ్మకమైన ఆపరేషన్. దానితో మళ్ళీ పనుల్లోకి వెళ్ళినవాళ్ళు బోలెడుమంది.

కానీ ఇవన్నీ ఫలించాలంటే కీళ్ళు మెత్తగా ఉండాలి. నాడి తొమ్మిది నెలలు నడిచి వేలి దాకా వచ్చినా, పిడికిలి కణుపులు కొయ్యబారి ఉంటే అది చెయ్యగలిగిందేమీ లేదు. టెండన్ మళ్ళించే ఆపరేషన్ కూడా బిగుసుకుపోయిన వేలికి చెయ్యలేం. ప్రేమతో చేసే పనే అయినా, కదపకుండా దాచి పెట్టడం వల్ల తూటా చెయ్యని నష్టం మీరు చేస్తున్నారు. కోప్పడుతున్నానని అనుకోకండి. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే చేస్తారు.

ముందు మణికట్టుకు స్ప్లింట్ కావాలి. ఇచ్చారో లేదో మీరు రాయలేదు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. మణికట్టును కాస్త పైకి ఎత్తి పట్టే సాదా స్ప్లింట్ చాలు. అది పెట్టగానే పిడికిలి బలం పెరిగినట్టు అతనికే తెలుస్తుంది. వాలిపోయిన మణికట్టుతో ఎవరికైనా పట్టు దొరకదు, మీరే ఒకసారి మణికట్టు వంచి గట్టిగా పిడికిలి బిగించి చూడండి. తర్వాత గంటకోసారి, మెలకువగా ఉన్నంతసేపూ, పది సార్లు వేళ్ళు పూర్తిగా ముడవాలి. అది తనే చెయ్యగలడు, ఆ కండరాలకు వేరే నాడులున్నాయి. చాపడం మాత్రం ఎడమ చేత్తో సాయం పట్టి చెయ్యాలి. పిడికిలి మొదటి వరుస కణుపులు బాగా వంగాలి, వేళ్ళ మధ్య కణుపులు బాగా చాపుకోవాలి. వాచిన చెయ్యి సరిగ్గా దీనికి తలకిందులుగా బిగుసుకోవాలని చూస్తుంది. మెడకు తగిలించే సంచిలో చెయ్యి కిందికి వేలాడకుండా, మణికట్టు మోచేతికన్నా కాస్త ఎత్తుగా ఉండేట్టు కట్టండి. ఉంగరం ఉంటే తీసెయ్యండి. వేళ్ళు కదిలితే ఎముక పక్కకు పోతుందేమోనని భయపడొద్దు, విరిగింది మోచేతి పైన. భుజం, మోచెయ్యి ఎంత కదపాలో మాత్రం డాక్టర్‌నీ ఫిజియోథెరపిస్ట్‌నీ అడిగే చెయ్యండి. కొంత నొప్పి ఉంటుంది. వ్యాయామం ఆపిన అరగంటలో తగ్గే నొప్పి ఫరవాలేదు.

తగ్గకుండా మంటలా మండే నొప్పి వేరు. గాలి తగిలినా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం, చెయ్యి రంగు మారి చెమట పట్టడం. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గాయాల సైనికుల్లో దీన్ని గమనించి 1864లోనే వివరంగా రాసిన వైద్యుడు వీర్ మిచెల్. అప్పట్లో చేసేదేమీ లేకపోయింది, ఇప్పుడు మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే లొంగుతుంది. అలాంటి నొప్పి వస్తే చెకప్ తేదీ దాకా ఆగొద్దు. జ్వరం, గాయం నుంచి చీము, దుర్వాసన వచ్చినా అంతే. గాయం దగ్గర గుండెతో పాటు కొట్టుకునే గడ్డ తగిలితే అదే రోజు వెళ్ళండి. మొదట కనపడని రక్తనాళపు చిల్లు వారాల తర్వాత అలా బయటపడుతుంది.

పోలీసుల గురించి మీరు అడగలేదు గానీ ఒక్కమాట. తుపాకీ గాయాన్ని పోలీసులకు తెలియజేయడం చాలాచోట్ల ఆసుపత్రి బాధ్యత. ఆ రోజు వేసుకున్న చొక్కా ఇంట్లో ఉంటే ఉతక్కుండా దాచండి. ఎప్పుడైనా ముక్క తీస్తే దాన్ని గుర్తుగా ఇంటికి తెచ్చుకోకుండా ఆసుపత్రికే వదిలెయ్యండి. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నా, తలుపు చప్పుడుకే అదిరిపోతున్నా, పిరికితనమని నవ్వొద్దు, డాక్టరుకు చెప్పండి.

చివరగా ఇంట్లోనే చూసుకోగలిగే గుర్తు ఒకటి. మోచెయ్యి వంచొచ్చని డాక్టర్ చెప్పాక, వారానికోసారి తమ్ముణ్ణి కూర్చోబెట్టి, బొటనవేలు పైకి ఉండేలా ముంజెయ్యి పెట్టి, బలం పెట్టకుండా మోచెయ్యి మెల్లగా వంచమనండి. మోచేతి మడతకు బయటివైపు, ముంజేతి పైఅంచున మీ రెండు వేళ్ళు ఆనించి ఉంచండి. రేడియల్ నాడి ఆ గాయం దాటి దిగొచ్చాక మొదట పట్టుకునే కండరం అదే. ఇప్పుడు అక్కడ మెత్తగా ఉంటుంది. ఒక వారం మీ వేళ్ళ కింద అది చిన్నగా బిగుసుకుంటుంది, ఎడమ చేతిలో ఉన్నట్టే. ఆ తారీఖు రాసిపెట్టుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్ళగానే అన్నిటికన్నా ముందు అది చెప్పండి.